చాక్లెట్ల డబ్బా చూసిన పుట్టినరోజులు

నేను ఒక స్టీలు డబ్బాని. రెండు కిలోల కందిపప్పు పట్టే గుండ్రటి డబ్బాని. నాతోపాటు ఒకే అచ్చులో పుట్టిన తోబుట్టువులందరూ తెనాలి బజారులో ఒక పాత్రల కొట్టులో వరసగా కూర్చుని ఉండగా, సుగుణ వచ్చి నన్ను ఎత్తింది. మూత తీసి వాసన చూసింది, వేలితో రెండుసార్లు కొట్టి చూసింది. పెళ్లిచూపుల్లో రామ్మోహన్ని కూడా ఆవిడ ఇంత పరీక్ష చేసి ఉండదు. తర్వాత నా పొట్ట మీద 'చి. లిఖిత' అని పేరు కొట్టించింది. ఆ మిషను గుర్రుమంటూ చుక్కలు చుక్కలుగా పొడుస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. అయితేనేం, ఆ రోజు నుంచి నేను ఒక మనిషికి చెందినదాన్నయ్యాను.

లిఖిత మొదటి పుట్టినరోజుకి నూటపాతిక మంది వచ్చారు. వాళ్లలో ఆ పిల్లకు తెలిసినవాళ్లు నలుగురు. పట్టు పరికిణీ గుచ్చుకుని ఏడ్చింది, కొవ్వొత్తిని చూసి ఏడ్చింది, బుడగ పేలితే ఏడ్చింది, చివరికి అలిసిపోయి నిద్రపోయింది. నిద్రలో ఉన్న పిల్ల చేతికి కత్తి తగిలించి కేకు కోయించి, పెద్దలందరూ చప్పట్లు కొట్టారు. నన్నడిగితే మొదటి పుట్టినరోజు పిల్లలది కాదు, ఏడాదిపాటు నిద్ర లేకుండా గడిపిన తల్లిది. సుగుణ ఆ రోజు నా నిండా చాక్లెట్లు పోసి తన చేత్తోనే అందరికీ పంచింది. ఆడపడుచు సాయం వస్తానంటే ఒప్పుకోలేదు. తన పిల్ల పుట్టినరోజుకి డబ్బా తనే నింపాలి, అది ఆవిడ పట్టు. ఆ పట్టు ఎన్నాళ్లు నిలిచిందన్నదే నా కథ.

లిఖిత బడిలో చేరాక నా దశ తిరిగింది. అందరూ యూనిఫాంలో ఉంటే పుట్టినరోజు పిల్ల ఒక్కతే రంగుల గౌనులో, నన్ను పొట్టకు హత్తుకుని, నడుస్తున్నది నేల మీదో కాదో తెలియనట్టు వెళ్లేది. రామ్మోహన్ ఆర్టీసీలో కండక్టరు కాబట్టి ముందు రోజు సాయంత్రం ఆయన అంచనా వేసేవాడు. "సీట్లు నలభై రెండు. టీచర్లు ఎనిమిది. స్టాండింగుకి ఇంకో పది వెయ్యి" అనేవాడు. సుగుణ ఒక్కొక్కటీ చూసి, చిరిగిన కాగితమున్నవి పక్కన పెట్టి, నన్ను నింపేది. ఆ పక్కన పెట్టినవి ఎవరు తినేవారో నేను చెప్పను, ఆయన యూనిఫాం జేబు చెబుతుంది.

పక్క క్లాసులకు పంచడానికి వెళ్లేటప్పుడు పుట్టినరోజు పిల్ల వెంట ఒక స్నేహితురాలు వెళ్లొచ్చు. ఆ ఒక్కరూ ఎవరనేది వారం ముందు నుంచే పెద్ద రాజకీయం. మూడో తరగతిలో పెన్సిల్ ఇచ్చిందని షబానాకి, రబ్బరు ఇచ్చిందని హర్షిణికి, ఇద్దరికీ లిఖిత మాట ఇచ్చేసింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, వరండాలో ఒక డబ్బాకి మూడు జతల చేతులూ ఇమడలేదు. నా మూత ఊడి దొర్లుకుంటూ తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లి, ఆవిడ కుర్చీ దగ్గర పడుకుంది. ముగ్గురికీ గోడకుర్చీ పడింది. గోడకుర్చీ వేస్తూ కూడా ముగ్గురూ చాక్లెట్లు నములుతూనే ఉన్నారు.

పదమూడో ఏట కథ అడ్డం తిరిగింది. నన్ను నింపి మూత పెట్టబోతుంటే లిఖిత జడ వేసుకుంటూ వచ్చింది.

"అమ్మా, డబ్బా వద్దు. అందరూ ప్యాకెట్టు తీసుకెళ్లి అలాగే పంచేస్తారు. దీని మీద పేరు కూడానూ, చిన్నపిల్లలా."

"మరి చిన్నపిల్లవి కాక?"

"పదమూడొచ్చాయమ్మా నాకు!"

సుగుణ చాక్లెట్లు కవర్లో పోసిచ్చింది. పిల్ల వెళ్లాక నాలో మినపప్పు పోసి అటక కింది అరలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నాలుగు రోజులు ఇడ్లీ వెయ్యలేదు కాబట్టి ఆవిడకూ వచ్చిందనే అనుకుంటున్నాను.

అక్కడి నుంచి పుట్టినరోజులన్నీ ఆ అరలోంచే చూశాను. పదో తరగతిలో రెండు ట్యూషన్ల మధ్య ఇరవై నిమిషాల్లో కేకు, ఫోటో, అక్షింతలు అన్నీ అయిపోయాయి. ఇంటర్లో హాస్టలు, పది నిమిషాల ఫోను. డిగ్రీలో ఏడుగురు స్నేహితులు ఇంటికొచ్చారు. కేకు, బుడగలు, బిర్యానీ అన్నీ వాళ్లే తెప్పించారు. "ఆంటీ, మీరు హాయిగా కూర్చోండి" అన్నారు. సుగుణకి హాయిగా కూర్చోవడం చేతకాదు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోకీ హాల్లోకీ తిరిగింది. వాళ్లు కేకు తీసి లిఖిత మొహానికి పూసేసరికి ఇక ఆగలేకపోయింది. "తినేదాన్ని మొహాన పూసుకోవడమేంటే, అది సున్నిపిండా?" అంది. పిల్లలు పడీపడీ నవ్వి ఆవిడ బుగ్గకి కూడా రాశారు. వాళ్లు వెళ్లాక ఆవిడ వంటింట్లో నిలబడి, వేలితో ఆ బుగ్గ తుడుచుకుని తిని, "ఇక నాకేం పని మిగల్లేదు" అని పైకే అంది. వినడానికి నేనూ, గ్రైండరూ తప్ప ఎవరూ లేరు.

తర్వాత లిఖితకు టీచరు ఉద్యోగం వచ్చింది. రేపల్లె దారిలో ఓ ఊరి బడి, రోజూ రైల్లో వెళ్లొచ్చేది. మూడు నెలలైనా క్లాసులో ఒక్క పిల్లా చాక్లెట్లు పంచలేదేమిటా అని రిజిస్టరు తీసి చూసింది. ముప్ఫై ఒక్క మందీ జూన్ మొదటి వారంలోనే పుట్టారు! బడిలో చేర్చేటప్పుడు తల్లులు తేదీ చెప్పలేకపోతే, రాసేవాళ్లు వయసు సరిపోయేట్టు జూన్‌లో ఏదో ఒకటి వేసేస్తారట. అంటే ఆ క్లాసంతా ఏటా వేసవి సెలవుల్లోనే, బడి తెరవకముందే, కూడబలుక్కుని పెద్దవాళ్లవుతోంది.

"ఊరంతా ఒకే వారంలో కన్నారా? మంత్రసాని ఏమైపోయిందో పాపం" అని సుగుణ నవ్వింది.

"నవ్వకమ్మా. అసలు తేదీలు కావాలి. నేనడిగితే దేనికోనని భయపడుతున్నారు. నువ్వొచ్చి అడుగు." లిఖిత అరలోకి చూసింది. "ఆ మినపప్పు డబ్బా కూడా ఖాళీ చెయ్యి. క్లాసులో పెడదాం. ఎవరి పుట్టినరోజైతే వాళ్లు పంచుకుంటారు. నింపడం మాత్రం నీ పనే. నేను నింపితే ఎప్పుడూ చాలవు."

సుగుణ నన్ను పీచుతో మూడుసార్లు తోమింది. ఒక్కసారి తోమితే చాలు, నాకు తెలుసు.

బడి వరండాలో తల్లులు చుట్టూ చేరారు. "ఇనాయక సవితి ఎళ్లిన మూడో నాడండీ" అందొకావిడ. "మా ఆడబిడ్డ పెళ్లినాడే కన్నానండి, పెళ్లిభోజనం కూడా తినలా" అంది ఇంకొకావిడ. సుగుణ పాత క్యాలెండర్లు ముందేసుకుని, వేళ్ల మీద లెక్కలు వేసుకుని, వారంలో ముప్ఫై తేదీలు పట్టేసింది. మిగిలింది దుర్గ ఒక్కతే. దాన్ని పెంచుతున్న నాయనమ్మ, "పొద్దున్నే పుట్టిందమ్మా, అదొక్కటే గురుతు. తేదీ దాని తల్లికే తెలియాల, అది లేదుగా" అంది.

సుగుణ దుర్గని దగ్గరికి పిలిచింది. "నీకు ఏ రోజు కావాలో చెప్పు. అదే నీ పుట్టినరోజు" అంది.

దుర్గ నా వైపు చూసింది. "ఇవాళ పెట్టుకోవచ్చా?" అంది.

నేను ఖాళీగా ఉన్నాను. జాబితాలో మొదటి పుట్టినరోజుకి ఇంకా తొమ్మిది రోజులుంది, ఊరికే బీరువాలో పెట్టడానికి తెచ్చారు. "నేను తెస్తానుండమ్మా" అని లిఖిత లేచేలోపే సుగుణ కుచ్చిళ్లు ఎగ్గట్టి, నన్ను చంకన పెట్టుకుని సందు చివరి కొట్టుకి పరుగు తీసింది. నలభై ఏడేళ్ల మనిషి అలా పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. నన్ను అంచుదాకా నింపి, రొప్పుతూ తెచ్చి, దుర్గ చేతుల్లో పెట్టింది.

దుర్గ యూనిఫాంలోనే క్లాసంతా పంచింది. పంచడం అయ్యాక సుగుణ ముందు నిలబడి, "మీ పుట్టినరోజెప్పుడు మామ్మగారూ?" అంది. పెళ్లికాని పిల్ల తల్లిని మామ్మని చేసేసింది. ముప్ఫై తేదీలు పట్టిన సుగుణకి తనదే దొరకలేదు. "ఆధార్‌లో జనవరి ఒకటని వేశారే. అది నాది కాదులే. మా అమ్మని అడగాలని ఎప్పుడూ తోచలేదు" అంది. లిఖిత తలెత్తి తల్లి వైపు చూసింది. తనకూ అడగాలని తోచలేదు మరి.

"అయితే నాతోపాటు పెట్టుకోండి" అని దుర్గ నాలో చెయ్యి పెట్టి, ఒకటి ఏరి, ఆవిడ అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్లూ నన్ను నింపిందే తప్ప సుగుణ నాలోంచి ఒక్కటీ తీసుకుని ఎరగదు. ఆవిడ కాగితం విప్పలేక లిఖిత చేతికిచ్చింది. ముప్ఫై ఒక్క గొంతులు రాగం లేకుండా హ్యాపీ బర్త్‌డే పాడాయి.

ఇప్పుడు నా కాపురం ఆ క్లాసు బీరువాలో, సుద్దముక్కల పెట్టె పక్కన. గోడ మీద పిల్లలే గీసిన పుట్టినరోజుల పట్టిక ఉంది. ఆ రోజు తేదీ పక్కన రెండు పేర్లు రాసి ఉన్నాయి.