భోజనాల గది గోడ

మూడో బేరం కూడా చెడిపోయిందని బ్రోకర్ ఫోన్‌లో చెప్పేసరికి లెనోర్ కెస్లర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈసారి కొంటామన్నవాళ్ళు డాక్టర్ దంపతులు, నెమ్మదస్తులు. ఇంటర్వ్యూకు కుక్కను కూడా తీసుకురమ్మంటే నోరెత్తకుండా తెచ్చారు. అయినా భవనాన్ని నడిపే బోర్డు వద్దంది. ఎందుకో చెప్పలేదు. ఆ భవనంలో ఎవరికీ ఇల్లు సొంతం కాదు. భవనం కంపెనీలో వాటాలుంటాయి, వాటితో పాటు కాపురముండే హక్కు. ఆ వాటాలు ఎవరికి అమ్మాలన్నా బోర్డు తలూపాలి.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన భవనం అది. న్యూయార్క్‌లో ఇళ్ళు కొనేవాళ్ళే లేని రోజుల్లో లెనోర్, ఆమె భర్త సాల్ అందులో చేరారు. సాల్ పోయాక ఆ పెద్ద పెద్ద గదుల్లో ఆమెకు ఊపిరాడలేదు. వెర్మాంట్ పల్లెటూళ్ళో చెల్లెలు ట్రూడీకి చూపు మందగిస్తోంది. మొన్న పొయ్యి దగ్గర చేయి కాల్చుకుంది. ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి పోదామని లెనోర్ ఆశ.

ఆ వారమే ఆమె కళ్ళజోడు కోసం వెళ్ళి, షాపు మూసి ఉండడంతో వెంటనే తిరిగొచ్చింది. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. భోజనాల గదిలో ఎవరో టేపు పట్టి గోడ కొలుస్తున్నాడు. భవనం బాగోగులు చూసే ఉద్యోగి డ్రాగన్ తాళాల గుత్తితో పక్కనే నిలబడి, ఆమెను చూడగానే తల దించుకున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?" అంది లెనోర్.

అతను ఏమాత్రం తడబడలేదు. "డన్‌హమ్ గారి ఆర్కిటెక్టునండీ. ఈ గోడ తీసేస్తే వాళ్ళ లైబ్రరీ ఇందులో కలిసిపోతుంది. మీకు చెప్పలేదా?"

ప్రెస్కాట్ డన్‌హమ్ అంటే గోడకవతలి మనిషి, బోర్డు ప్రెసిడెంట్. నీళ్ళు కారుతున్నాయేమో చూడాలని ఆయనే తలుపు తీయించాడని డ్రాగన్ గొణిగాడు. లెనోర్ అతన్నేమీ అనలేదు. ఆర్కిటెక్టు చేతిలోని టేపు లాక్కుని బయటికి గిరవాటేసింది.

లాయరు దగ్గరికి వెళితే కోర్టులో ఏళ్ళు పడుతుందన్నాడు. అందుకని వాటాదార్ల సమావేశంలో తనే బోర్డుకు పోటీ చేస్తానంది. లాబీలో పాలరాతి నేల మీద మడత కుర్చీలు వేశారు. తన వంతు రాగానే లేచి నిలబడింది.

"ప్రెస్కాట్, ఆ డాక్టర్లు ఎందుకు పనికిరాలేదో అందరి ముందూ చెప్పండి."

"చెప్పాల్సిన పని లేదు, లెనోర్. రూల్స్ మీకు తెలియనివా?"

"రూల్స్ తెలుసు. నా భోజనాల గది మీద నీ కన్నుందనీ తెలుసు. కావాలంటే తలుపు కొట్టి అడగాలి. వచ్చినవాళ్ళనల్లా తరిమేసి, నేను విసిగిపోయాక కారుచౌకగా కొట్టేద్దామని చూస్తావా? నేను లేనప్పుడు నా ఇంట్లోకి మనిషిని పంపడానికి సిగ్గులేదూ?"

కొందరు తమ బూట్లు చూసుకున్నారు. పదో అంతస్తు ఓటిలీ ఫెరాండ్ ఒక్కతే "ఇది తప్పు" అని మెల్లిగా అంది. ఓట్లు మనుషుల లెక్కన కాదు, వాటాల లెక్కన; ఇల్లు ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ వాటాలు. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళకు ఎప్పుడూ బోర్డుతో ఏదో ఒక అవసరం. లెనోర్ చిత్తుగా ఓడిపోయింది.

మర్నాడు డన్‌హమ్ భార్య స్లోన్ నిమ్మకాయ కేకు పట్టుకుని వచ్చింది. నిన్నటిదేమీ మనసులో పెట్టుకోవద్దని, ఇల్లు తామే మంచి ధరకు తీసుకుంటామని తియ్యగా చెప్పింది.

"నేను బతికుండగా ఆ గోడ పడదు. మీ ఆయనకు చెప్పు," అని లెనోర్ కేకు తిరిగి ఆమె చేతుల్లోనే పెట్టి తలుపేసింది.

ఇక తను వెళ్ళే దారి లేదు కాబట్టి ట్రూడీయే రావలసి వచ్చింది. తోబుట్టువును ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రం బోర్డు అడ్డు చెప్పలేకపోయింది. ట్రూడీ కోళ్ళను పక్కవాళ్ళకిచ్చేసి, యాపిల్ చెట్లు వదిలేసి వచ్చింది. ఆమెకు నగరం గిట్టదు. పొడవాటి హాల్లో గోడ తడుముకుంటూ నడిచేది.

"వాళ్ళ మీద కోపం తగ్గిందా అక్కా?" అని ఒకరోజు అడిగింది.

"లేదే."

"నాకూ తగ్గలేదు. ఇక్కడ కిటికీ తీస్తే ఎదుటివాళ్ళ గోడ తప్ప ఇంకేం లేదట కదా."

ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్ళు కిందికి దిగబోతుంటే లిఫ్టులో డన్‌హమ్ ఉన్నాడు. నవ్వుతూ పలకరించాడు. లెనోర్ మొహం తిప్పుకుంది.

"ఇతనేనా?" అంది ట్రూడీ, గొంతు తగ్గించకుండా.

"ఇతనే."

లాబీ వచ్చేదాకా ట్రూడీ మసక కళ్ళతో అతని వైపే చూస్తూ నిలబడింది.