పెట్టెలో మోగిన డప్పు

వంటమనిషి దేవదానం కేబిన్‌లో అన్నం గిన్నె దించి నడుం పట్టుకునేలోపే ఫోర్‌మన్ లింబాద్రి నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆ నవ్వు ముసలాయనకు నచ్చలేదు. సౌదీలో ఖతీఫ్ దగ్గర సముద్రం పక్కన కడుతున్న ఆ గోదాములో అప్పటికే ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. పైన రేకుల మీద ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఉక్కకు ఫోర్‌మన్ కేబిన్‌లోని ఏసీ కూడా మూలుగుతోంది.

“దేవుని దయ కాకా, అంత సక్కవడ్డది,” అన్నాడు లింబాద్రి. “కుమార్ సామాను మొత్తం కట్టి కార్గోల ఏసినం. కంపెనీ ముదీర్ టికెట్ జూస్తనన్నడు. నువ్వు జెప్పినట్టే జేసిన. ఒక్కటి సుత మిగులలే.”

అప్పుడే లింబాద్రి మంచం కింది రేకు పెట్టెలో డప్పు మోగింది.

అది కుమార్ ఫోన్. ఊళ్లో బోనాల నాడు తమ్ముడు కొట్టిన డప్పును రికార్డు చేసి రింగుగా పెట్టుకున్నాడు. తెల్లారి అలారం కూడా అదే. క్యాంపులో ఆ దరువుకు తిట్టుకుంటూ లేవనివాడు లేడు. మొన్నటి నుంచి ఆ తిట్లు తినడానికి కుమార్ లేడు.

“మరి గా డప్పేంది బిడ్డా?” అన్నాడు దేవదానం.

లింబాద్రి నవ్వు మాయమైంది. డప్పు ఆగి, మళ్లీ మొదలైంది. ఫోన్ చేస్తున్నది అంజవ్వ, కుమార్ తల్లి. కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడని మాత్రమే ఆమెకు తెలుసు. ఇక్కడి మనవాళ్లలో ఇదొక ఆనవాయితీ. మనిషి పోతే, శవానికి టికెట్ ఖాయమయ్యేదాకా ఇంటికి కబురు చెప్పరు. మందులిస్తున్నారు, బాగవుతున్నాడు అంటారు. జాలితో పుట్టిన అబద్ధమే, కాదనను. కానీ కంపెనీకి ఇంతకంటే పనికొచ్చే జాలి ఇంకొకటి లేదు. ఇంట్లో ఏడుపు మొదలయ్యేసరికి ఇక్కడ రాసుకోవలసినవన్నీ రాసేసుకుంటారు.

దేవదానం వంగి చూశాడు. పెట్టె మూత సందులోంచి ఒక వైరు గోడలోని ప్లగ్గు దాకా పోయింది.

“చార్జింగ్ సుత నువ్వే వెడుతున్నవా?”

“బందైతే ముసల్ది పరేశాన్ అయితది కాకా. ఎత్తుదమంటే నోరు వస్తలేదు. ఆపుదమంటే చెయ్యి వస్తలేదు. మోగనప్పుడు సుత మోగినట్టే ఇనవడ్తున్నది.”

ఈ మనిషిని ఫోర్‌మన్ చేసింది దేవదానమే. నిరుడు మిస్రీ ఫోర్‌మన్, అంటే ఈజిప్టువాడు, తన దేశం వెళ్లిపోయినప్పుడు అందరూ ముసలాయన దగ్గరికి వచ్చి కూర్చున్నారు, ఈసారి మనోడే కావాలన్నారు. కుర్చీ ఎక్కాక మనోడు మనోడుగా ఉండడని వంటమనిషి దేవదానం ఎంత చెప్పినా వినలేదు. అయితే నువ్వే ఎంచు కాకా అన్నారు. మందిలో తల ఒక్కటి పైకి కనబడేంత పొడుగువాడు లింబాద్రి. పిలిస్తే సిగ్గుపడి నీళ్ల ట్యాంకు వెనక దాక్కున్నాడు. ఆ సిగ్గు చూసే ముసలాయన మురిసిపోయి, తన కొబ్బరినూనె సీసా వంచి అతని మాడు మీద అద్ది ప్రార్థన చేశాడు. ఒక్కటే మాట తీసుకున్నాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎవరినీ పైకి ఎక్కించకూడదు. ఆ వేళ ఎండలో పని వద్దని సర్కారు చట్టం ఉన్నది నిజమే గానీ, ఆ నీడ దేవుడిచ్చింది. లింబాద్రి తమ గుట్ట మీది నరసింహస్వామి సాక్షిగా ఒట్టు పెట్టాడు.

మొన్న మధ్యాహ్నం రేకుల పని తొందరగా తేల్చమని మేనేజరు, అంటే ముదీర్, అన్నాడు. లింబాద్రి కుమార్‌ను ఎక్కించాడు. ఎండదెబ్బకు అక్కడే కూలిన కుమార్ మళ్లీ తన కాళ్ల మీద దిగలేదు. అంతటితో ఆగినా బాగుండేది. శవాన్ని వ్యానులో వేయించి క్యాంపుకు తీసుకుపోయి, అతని మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పించాడు. శవం ఇప్పుడు ఆస్పత్రి మార్చురీలో ఉంది, ఈ మధ్యాహ్నం వాంగ్మూలాలకు పోలీసులు వస్తారు. నిద్రలో పోయాడని అందరి తరఫునా లింబాద్రి చెప్పాలి. ఆ మాట కాగితం ఎక్కితే అంజవ్వకు పరిహారం ఉండదు. మిగిలినవాళ్లకు మధ్యాహ్నపు నీడా ఉండదు.

“ముదీర్‌కు భయపడ్డ కాకా,” అన్నాడు లింబాద్రి. “పోరలు సుత పని జల్ది ఒడిస్తే అయిపాయె అన్నరు.”

“పోరల మీద వెట్టకు.”

“ఊరికి వోయినంక గుట్ట కాడ కుమార్ పేరు మీద అందరికి అన్నం వెడుత. ఒట్టు. గా ఫోన్ సుత నా చేతుల మీద అంజవ్వకు ఇద్దామనే దాసిన.”

“దేవుడు నిన్ను అన్నం అడిగిండా?” అన్నాడు ముసలాయన. “వండి పెట్టెటోన్ని నేను, అన్నం సంగతి నాకు చెప్పకు. ఎండల మనిషిని ఎక్కియ్యకు అన్నడు. గంతే అడిగిండు. గదొక్కటి ఇనలేదు నువ్వు.”

“తప్పే కాకా. ఒప్పుకుంటున్న గద.”

“నా కాడ ఒప్పుకుంటే ఏం లాభం? నీ నెత్తి మీద నూనె వెట్టినందుకు నాకు ఏడుపస్తున్నది బిడ్డా. ఇగ నువ్వు మా మనిషివి గావు.”

దేవదానం తిరిగాడు. లింబాద్రి అతని చొక్కా పట్టుకున్నాడు.

“కాకా, గా పోలీసులు అచ్చినప్పుడు నా పక్కపొంటి నిలవడు సాలు. ఏం మాట్లాడకు. పోరల ముందల నా ఇజ్జత్ వోతది.”

ముసలాయన విడిపించుకోబోయాడు. పాత చొక్కా, జేబు పర్రుమని చిరిగి లింబాద్రి చేతిలో ఉండిపోయింది. ఇద్దరూ దానివైపే చూశారు. దేవదానం గిన్నె ఎత్తుకుని బయటికి వచ్చాడు.

నీళ్ల ట్యాంకర్ నీడలో మనుషులు కూర్చుని ఉన్నారు. చిరిగిన చొక్కాను చూసి జరిగి చోటిచ్చారు. దేవదానం గిన్నె వాళ్ల మధ్యన పెట్టి తానూ చతికిలబడ్డాడు. కాసేపటికి, ఎండ నడినెత్తిన ఉండగానే, లింబాద్రి వచ్చి విజిల్ ఊదాడు. రేకుల పని ఇంకా మిగిలే ఉంది. ముదీర్ ఈ రోజూ తొందర అన్నాడు.

జనార్దన్ లేచాడు. మొన్న కుమార్ కాళ్లు పట్టుకుని వ్యానులోకి ఎక్కించింది ఇతనే. లేచినవాడు హెల్మెట్ తీసి లింబాద్రి కాళ్ల దగ్గర పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

“నేనెక్క,” అన్నాడు. “పోలీసులకు కుమార్ యాడ పడ్డడో నేనే జెప్త.”

ఇంకొకడు హెల్మెట్ తీశాడు. లింబాద్రి విజిల్ నోటి దాకా తెచ్చి ఆగాడు.

కేబిన్ తలుపు తెరిచే ఉంది. లోపల డప్పు మోగింది. గిన్నె మీది చేతులు గిన్నె మీదే ఉండిపోయాయి. బోనాల దరువు, ఊరంతా కదిలేటంత దరువు, ఆ ఎండలో వినలేకపోయారు. లింబాద్రి వాళ్లందరినీ ఒకసారి చూసి లోపలికి నడిచాడు. పెట్టె మూత చప్పుడైంది.

డప్పు ఆగింది.

ఎత్తాడా, ఆపేశాడా? అందరూ చెవులు అటే పెట్టారు. ఏసీ మూలుగు తప్ప ఇంకా ఏమీ వినబడలేదు.