ఫ్యాను నోరు మూయించిన ఆదిమూలం

అరవల ఆడి నెల వచ్చిందంటే తిరుత్తణి కొండ కింద ఆదిమూలం టిఫిను హోటల్లోకి ఉల్లిపాయ రాదు. కావడి మొక్కున్న వాళ్ళు విరతంలో ఉంటారు. వాళ్ళకు ఉల్లీ వెల్లుల్లీ కూడవు. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు ఆదిమూలం మెడలో కూడా మాల పడింది. అతని కడుపునొప్పి తగ్గితే ఆడికృత్తిక పండక్కి కావడి ఎత్తిస్తానని పెళ్ళాం వళ్ళియమ్మ మొక్కుకుంది. నొప్పి అతనిది, మొక్కు ఆమెది, పత్యం మళ్ళీ అతనిది.

ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు. ఆదిమూలం కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. తర్వాత బెల్లానికని తిరువళ్ళూరు పోయి, సంచి అడుగున ఉల్లిపాయలు వేసుకొచ్చాడు. మధ్యాహ్నం గిరాకీ తగ్గి, వళ్ళియమ్మ ముందర గల్లాపెట్టె దగ్గర కునుకు తీసే వేళ, వెనక వంటింట్లో తనకోసం పకోడీలు వేసుకునేవాడు. ఆమెకు తెలిసిందా, మళ్ళీ మొదటినుంచీ మాల వేయిస్తుంది.

ఈ దొంగతనానికి తోడు గోడలోని ఎగ్జాస్ట్ ఫ్యాను. ఆవడిలో పాత సామాన్ల అంగడిలో కొన్నది. తిరిగిందంటే రైలు ఇంట్లో దూరినట్టుండేది. ఆ మోతలో నూనె చుయ్యిమన్నా వినబడదు. వాసనంతా రేకు గొట్టంలోంచి పక్కింటి పెరట్లోకి పోతుంది.

పక్కిల్లు ధనమ్మది. మగ్గాల ఇంటి పెద్దమనిషి. పెరట్లో రాట్నం పెట్టుకుని కండెలు చుడుతుంది. ఒకరోజు నేరుగా గల్లాపెట్టె దగ్గరికే వచ్చింది.

"ఏం వళ్ళీ, మీ ఫ్యాను సత్తానికి నా తల పగిలిపోతా ఉండాది. కృత్తిక లోపల దాని నోరు మూయించకపోతే ఆ బొక్కకు నేనే మన్ను మెత్తేస్తా!"

"అంత పని చేయొద్దు వదినా! పొగ పోకపోతే పండగ దినం జనం దగ్గి దగ్గి లేచిపోతారు. మామా, ఇన్నావా?"

"ఫ్యానన్నాక సత్తం ఉంటాది. కొండన్నాక మెట్లుండవా?" అన్నాడు ఆదిమూలం.

"మెట్లెక్కేదీ నువ్వే, సత్తం తగ్గించేదీ నువ్వే" అంది వళ్ళియమ్మ.

తప్పలేదు. ఫ్యాను ఊడదీశాడు. వంగిన రెక్కను సాపు చేశాడు. మోత గోడకెక్కకుండా బోల్టుల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పెట్టాడు. రేకు గొట్టం పీకేసి, పెట్టెలాంటి చెక్క గొట్టం చేయించి, దాన్ని ఒక వంపు తిప్పాడు. లోపల మోతను మింగేదేదో పరచాలి. మగ్గాల ఊళ్ళో పుట్టినవాడికి ఏ చిల్లు చూసినా నూలే గుర్తొస్తుంది. ధనమ్మ ఇంట్లోనే గోనెడు వ్యర్థపు నూలు అడిగి తెచ్చి దట్టంగా పరిచి, పైన గోనెపట్ట కొట్టాడు.

మీట నొక్కితే ఫ్యాను తిరుగుతోందో లేదో చేయి అడ్డం పెట్టి చూడాల్సి వచ్చింది. వళ్ళియమ్మ సంతోషంతో కొబ్బరికాయ కొట్టింది. మొగుడి మొహం ఆ చిప్పకన్నా చిన్నదైంది.

ఇప్పుడు పకోడీ ఎట్లా? నూనెలో పిండి వేసేటప్పుడల్లా "అరోగరా!" అని కొండమీది మురుగన్ని గట్టిగా పిలవడం మొదలుపెట్టాడు. ముందర గల్లాపెట్టె దగ్గర వళ్ళియమ్మ చెంపలు వేసుకునేది. మొగుడికి ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అని మురిసిపోయింది.

రెండోనాడే గోడలోంచి గొంతు వచ్చింది.

"రేయ్ ఆదిమూలం, అరోగరా చాల్లే. ఉల్లి మాడతా ఉండాది, తిప్పు."

మోత పోయాక ధనమ్మ, నీడగా ఉందని రాట్నం తెచ్చి ఆ గొట్టం కిందే వేసుకుంది.

"అక్కా! వళ్ళీతో అనొద్దక్కా!"

"నేనెందుకంటా? నా మెడలో ఉండేది మాత్రం మాల కాదా? నాలుక చచ్చిపోయింది. పెరటిగోడ మీద ఒక పొట్లం పెట్టు."

అప్పటినుంచి రోజూ గోడ మీద పొట్లం.

నూలు ఏ రంగులో ముంచితే ఆ రంగు పట్టుకుంటుంది. అది ధనమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాసన కూడా పట్టుకుంటుందని ఇద్దరికీ తోచలేదు.

కృత్తికకు ముందురోజు ఆదిమూలం కావడికి నెమలీకలు తేవడానికి పోయాడు. పొయ్యి అలకడానికి వళ్ళియమ్మ వంటింట్లోకి వచ్చింది. ఫ్యాను ఆగి ఉంది. పొయ్యి చల్లగా ఉంది. అయినా ఉల్లివాసన! వాసన పట్టుకుని పోయి గొట్టంలో ముక్కు పెట్టింది. అప్పుడే లోపలినుంచి మాట వచ్చింది.

"రేయ్, ఈ దినం అరోగరా ఇనపడలేదే? నిన్నటి పకోడీలు మెత్తగా ఉండె. ఈసారి కరకరమనాల."

వళ్ళియమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గొంతు లావు చేసి "ఊఁ" అంది. పొయ్యి రాజేసింది. గుప్పెడు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి శనగపిండిలో కలిపింది. పొట్లం గోడ మీద పెట్టింది. మిగతావి ఆకులో వేసి, మొగుడు రాగానే ముందుంచింది.

"తిను మామా. విరతం పకోడీ. ఉల్లి లేదు."

అతను ఒకటి చేతిలోకి తీసుకున్నాడో లేదో గొట్టంలోంచి కేక.

"అయ్యయ్యో! నోరు కాలిపోయెరా పాపిష్టోడా! ఉల్లి యాడరా?"

ఆదిమూలం చేయి గాలిలో ఆగిపోయింది.

"ఫ్యాను బలే చేసినావు మామా. ఎంత బాగా ఇనపడతా ఉండాదో! ఏం, వద్దా?"

వద్దంటే ఎందుకొద్దో చెప్పాలి. నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. కళ్ళల్లో నీళ్ళు బొటబొటా కారాయి.

"ఎట్లుండాది?"

"అరో... గరా" అన్నాడు.

"అదేంది, రోజూ అన్నంత గట్టిగా అను" అని ఇంకొకటి అందించింది వళ్ళియమ్మ.