దసరాకు కడిగిన మిషన్

మా మరిది విజేందర్ దసరాకు తన వరికోత మిషన్‌ను కడిగిన వైభోగం చూడాల్సిందే. పెళ్లికొడుక్కి కూడా అంత స్నానం జరిగి ఉండదు. ప్రెషర్ పైపు పట్టి చాసిస్ కింద పేరుకున్న ఏడాది బురదంతా రాలగొట్టాడు. అదే ఊపులో పైపును రేడియేటర్‌కు ఆనించి కొట్టాడు. ఆ ధాటికి దాని సన్నటి రేకులన్నీ వంగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పసుపు కుంకుమల హడావిడిలో ఎవరు చూశారు?

కోతలు మొదలయ్యాక తెలిసింది. రేకుల మధ్య గాలి ఆడక ఇంజన్ ఊరికే వేడెక్కేది. అట్లా ఆపుకుంటూ, చల్లార్చుకుంటూనే హుజూర్‌నగర్ చుట్టుపక్కల పొలాలన్నీ కోశాడు. మాది మాత్రం చివరికి పెట్టాడు. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో!

"మనది యాడికి పోతది వదినా, మందియి కోసినంక కోస్త తియ్" అన్నాడు.

మా వంతు వచ్చేనాటికి ఆకాశం నల్లబడింది. మా ఆయన చౌటుప్పల్‌లో డ్యూటీలో ఉన్నాడు. నాలుగెకరాలూ పండి నిలబడి ఉన్నాయి. ఆ వడ్లే మాకు ఏడాది బతుకు. మిషన్ ఒక్క చుట్టు తిరిగి, ఆవిరి కక్కి ఆగిపోయింది.

విజేందర్ రేడియేటర్‌కు పట్టిన పొట్టంతా దులిపాడు. లాభం లేదు. నా గాజులకున్న పిన్నీసులు తీసి ఒకటి అతనికిచ్చాను. ఒకటి నేను పట్టుకుని ఒక్కో రేకూ లేపసాగాను. ఒకటి లేపితే పక్కది వంగుతోంది. నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి.

"వేరే మిషనోళ్లకు ఫోన్ కొట్టరాదు?"

"కొట్టిన వదినా. మబ్బు జూసి అందరు ఉరుకుతాండ్రు. ఎవలూ వస్తలేరు."

కసితీరా తిడదామనుకున్నాను. అతని వేళ్ల మీద నెత్తురు చూసి నోరు రాలేదు. ఇంతలో మొదటి చినుకు వేడి రేడియేటర్ మీద పడి చుయ్‌మంది.

ఇద్దరం అక్కడే తడుస్తూ నిలబడ్డాం. నోటికాడి కూడు మా కళ్ల ముందే నేల మీద పడుకుంది. మళ్లలో నీళ్లు నిలిచాయి.

వాన వెలిసింది. మిషన్ దసరానాటి కంటే శుభ్రంగా మెరుస్తోంది. విజేందర్ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"సల్లబడ్డది వదినా. ఇగ స్టార్ట్ జేస్త" అన్నాడు, పొలం వైపు చూడకుండా.

చెయ్యమనలేను, వద్దనలేను. కొయ్యడానికి నిలబడ్డ కంకి ఒక్కటి లేదు.