పరిహారము లేని మాట

ప్రచండమార్తాండకిరణసంతప్తయై నాగావళీనది యిసుకతిన్నెల నడుమ సన్నని పాయగా మిగిలి జీడితోటలలో కోయిలలు సైతము నోళ్లు మూసికొని పశువులు నీడలు వెదకికొనుచున్న యొక గ్రీష్మమధ్యాహ్నమున శృంగవలస యను గ్రామమునకు విశ్వవిద్యాలయమునుండి చేతన యను యువతి యేతెంచెను. దైవమును నమ్మువారును నమ్మనివారును తమ్ము తాము మంచివారమని యే యాధారముచే దలంచుకొందురో తెలిసికొనుట యామె పరిశోధన. గ్రామస్థు లెరిగిన దింతమాత్రమే. చిరకాలముగా నామె హృదయమున నివురుగప్పిన నిప్పువలె నున్న పగను వారెవ్వరు నెరుగరు.

ఒకప్పు డాయూరి బడిపంతులైన మార్కండేయు లామె తండ్రి. ఆయన నాస్తికుడు. అమ్మవారి వెండికిరీటము మాయమైననాడు గ్రామస్థు లాయననే శంకించి యాచారము చొప్పున గుడిలోని దీపమును జేతితో నార్పి ప్రమాణము సేయుమనిరి. అబద్ధమాడి దీపమార్పినవాని వంశ మారిపోవునని యచ్చటివారి విశ్వాసము. "నేను తియ్యలేదు. నేను నమ్మని దీపం ఆర్పి మిమ్మల్ని నమ్మిస్తే అదే మోసం" అని యాయన నిరాకరించెను. దేవుడు లేడనువానికి దీపమార్పుట యెంతపని, నిజముగా దొంగయే యైనచో నార్పి తనదారిని బోక యేల నిలుచును అను నాలోచన యా పెద్దమనుషులలో నొక్కనికిని దట్టలేదు. వారికి దలలున్నవి తలపాగలు చుట్టుకొనుటకే గాబోలు! పంతులుగారి యుద్యోగ మూడెను. దొంగ యను పేరుతోడనే యాయన పరాయియూర గన్నుమూసెను. ఆ మచ్చ తుడిచివేయవలె, మచ్చ వేసినవాని నదే యూరిలో దలవంచుకొని నిలువజేయవలె నని చేతన పంతము.

ఆమె యింటింటికిం బోయి దైవభీతి లేనివాడు మాట నిలుపునా యని యడిగెను. నిలుపడని యందరు నేకకంఠముగా బలికిరి. అడుగుటకు ముందు మాత్ర మామె ప్రతివారికి నొకమాట యిచ్చెడిది. వారు చెప్పినది యెన్నటికిని దననోట వెలువడదు.

ఆ గుడికి పూర్వపు ధర్మకర్తయైన గొర్లె అప్పలస్వామినాయుడు జరాభారమున గుంగి యరుగుమీద గూర్చుండియుండెను.

"దేవుడంటే బయిం లేనోడికి మాటంటే మాత్రం బయిమేటమ్మా?" అని యాతడు నవ్వెను.

ధర్మము కొఱకని యెన్నడైన నధర్మము చేసితిరా యని యామె యడుగగా వృద్ధుని నవ్వు మాసిపోయెను. ఎవ్వరో పరదేశి, మరల రాని మనిషి, విన్నది బయటపెట్టనని మాట యిచ్చినది. లోనున్న బరువు దించుకొనుట కింతకన్న నదను దొరకదని యాతనికి దోచెను.

"ఆ పంతులు మాటలిని కుర్రోళ్లు గుడికి రావడం మానీసినారు. ఆడిని ఊరు దాటించాలని కిరీటం నానే నూతిలో పడేసినాను. అమ్మోరి పనే సేసినాననుకున్నాను. ఆడు పోయాడని ఇన్నకాడ్నుంచి కంటిమీద కునుకు లేదు. ఏటేటా ఉపాసముండి ఏడుస్తన్నాను తల్లీ."

చేతన కనుఱెప్ప యైన గదల్పలేదు. ఆమె లేచి పోవుచుండగా నాతడు, "ఇంతకీ ఎవరమ్మాయివమ్మా?" అని యడిగెను.

"మార్కండేయులు మాస్టారి అమ్మాయిని."

వృద్ధుని మొగమున నెత్తుటిచుక్క లేకుండ బోయెను. "మాటిచ్చినావు తల్లీ!"

"ఇచ్చాను తాతగారూ. తప్పను."

నాస్తికుని కూతురి మాట యాతడు నమ్మలేదు. నమ్మడని యామెకు దెలియును. దేవుడు లేనివారి మాట నీటిమూట యని యాతడే గదా చెప్పినది! ఆమె యా యపనమ్మకముపైననే తన పగను నిలిపెను.

పరిశోధన ముగిసినపిమ్మట గ్రంథాలయములో గ్రామస్థులు సభ గావించిరి. తాను మార్కండేయుల కూతురనని తెలిపి తన తండ్రి దీపమార్పకుండుటకు గల కారణమును చేతన నిదానముగా వివరించెనే కాని నాయుని వంక గన్నెత్తియైన జూడలేదు. నాయునికి మాత్రము రాబోవు ప్రతివాక్యమునందును దన పేరే వినవచ్చునట్లుండెను. గుమ్మడికాయల దొంగ యన్నచో భుజములు తడుముకొన్న చందమున నాతడు దిగ్గున లేచెను.

"ఎందుకమ్మా ఇలాగ నాన్సడం! కిరీటం నూతిలో ఏసింది నానే! ఊరందరికీ సెప్పీసినావు కదా!"

"నేనెవరికీ చెప్పలేదు తాతగారూ."

సభ యంతయు నాతనివైపు దిరిగెను. ఛీకొట్టినవారు కొందఱు, ఉమిసినవారు కొందఱు. కన్నకొడుకే ప్రక్కనుండి లేచి దూరముగా బోయి నిలిచెను. వృద్ధుడు చేతన చేతులు పట్టుకొని వలవల నేడ్చెను.

"నా ఉపాసాలూ, నా ఏడుపూ నీకు సెప్పినాను కదా. ఆ ముక్క ఈళ్లకి సెప్పు తల్లీ! ఇప్పుడు నాను సెబితే నమ్మరు, నువ్వు సెబితే నమ్ముతారు. నువ్విచ్చిన మాట ముడి నానే ఇప్పేస్తన్నాను!"

చేతన తన చేతులు మెల్లగా విడిపించుకొనెను.

"దేవుడి మీద ఒట్టయితే తీసి గట్టు మీద పెట్టొచ్చు. పరిహారం చేయించుకోవచ్చు. నా మాటకి గుడి లేదు, పరిహారం లేదు. మీరు చెప్పింది నా నోట రాదు తాతగారూ."

ఒక్కమాటతో నామె యా ముదుసలికి నిలువనీడ గల్పింపగలిగియుండెను. కల్పింపలేదు. సత్యవ్రతమును గత్తిగా బట్టినవారి నెవ్వరు దప్పుపట్టగలరు? పగ తీరెను. కాని తన స్థానమున దండ్రి యుండినచో నా కన్నీటికి గరగి మాట దప్పియుండెడివాడేమో యను సందేహ మొకటి యూరు దాటకమునుపే యామెను బట్టుకొనెను. దాని కెవ్వరును బ్రమాణము చేసి సమాధానము చెప్పజాలరు.