షెడ్డులో గాలి ఆగిన మధ్యాహ్నం

మచ్చ బొల్లారంలోని తన గదిలో ఫోనెత్తిన అశ్రితకు మొదట వినిపించినది మాట కాదు, వేల కోడిపిల్లల అరుపు. ఆ వెనుకనే చిన్నాయిన గౌరయ్య గొంతు.

"బిడ్డా, ఫ్యాన్లు బందైనయ్. హీటర్లు కాలుతున్నయ్. గిదేంది?"

వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నం. అలియాబాదులోని చిన్నాయిన కోళ్లఫారపు మూసిన షెడ్డులో గాలి ఆడకపోతే అరగంటలో పిల్లలన్నీ ఉడికిపోతాయి. ఎప్పుడు గాలి కావాలో, ఎప్పుడు వెచ్చదనం కావాలో నిర్ణయించే ప్రోగ్రాము తాను వ్రాసినదే. పనివాళ్లు ఇష్టం వచ్చినట్లు నొక్కుతున్నారని, ఫ్యాన్లను, హీటర్లను చేతితో నడిపే మీటను తీసివేయించినదీ తానే.

హీటర్ల తీగలు పీకించమంది. తలుపులు తెరిపించమంది. తెరిచామనీ, లోపలికి వచ్చేది వడగాలేననీ, తీగలు పీకాలంటే కరెంటు పనివాడు శామీర్‌పేట నుంచి రావాలనీ గౌరయ్య చెప్పాడు.

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. షెడ్డు ఉష్ణోగ్రత సున్నాకు నూట ఇరవై ఏడు డిగ్రీల దిగువన ఉన్నట్లు తెర చూపుతోంది. వేడిని కొలిచే సెన్సారు తీగ తెగితే వచ్చే అంకె అది. ఏమీ తెలియడం లేదని దాని అర్థం. ప్రోగ్రాము మాత్రం దానిని ఘోరమైన చలి అనుకుని, చలికి చేయవలసినదంతా శ్రద్ధగా చేసింది. వేడిమి పెరిగితే ఏం చేయాలో, తగ్గితే ఏం చేయాలో అశ్రిత దానికి చెప్పింది. తెలియకపోతే ఏం చేయాలో చెప్పలేదు.

కొలత నమ్మదగినది కాకుంటే హీటర్లు ఆపి ఫ్యాన్లన్నీ తిప్పమని కొత్త ఆజ్ఞ వ్రాసింది. ఒక్క గుర్తు తప్పినా షెడ్డులోని యంత్రం మళ్లీ లేవదు. ఆ ఆజ్ఞను మొదటినుంచి పెదవులు కదుపుతూ చదువుకుంది. ఫోనులో అరుపులు పలచబడుతున్నాయి. అరుపులకన్నా ఆ పలచదనమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. కళ్లు మూసుకుని ఆజ్ఞను పంపించింది.

చాలాసేపటికి, ఎక్కడో దూరాన మొదలైనట్లు, ఫ్యాన్ల హోరు వినవచ్చింది.

"మిషన్ ఖరాబైందా బిడ్డా?"

"మిషన్ మంచిగనే ఉంది చిన్నాయినా. నేనే సగం జెప్పిన."

షెడ్డు నడుమ ఉన్న పిల్లలు నోళ్లు తెరిచి ఊపిరి తీస్తున్నాయనీ, మూలల్లోనివి లేవడం లేదనీ గౌరయ్య మెల్లగా చెప్పాడు. తర్వాత అడిగాడు.

"ఇంకేమన్న జెప్పుడు మరిచినవా?"

లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె చెమట చేతిని చీరకు తుడుచుకుని, ప్రోగ్రాము మొదటి పంక్తికి వెళ్లింది.

"ఫోన్ పెట్టకు చిన్నాయినా. సూస్తున్న."