పైకి రాని గోళీలు

నా మనుమరాలు హర్షిణికి లెక్కలు రావన్నోళ్ల నోట్ల మన్నువడ. మా గల్లీల అంగన్‌వాడీ నడిపే ఎవాంజెలిన్ టీచర్ పలకా బలపం ముట్టకుండనే దానికి అంకెలన్నీ నేర్పింది. సోడామూతలే బిళ్లలు. పిల్లలు తలా ఒక బిళ్ల తీస్కొని, బొగ్గుబాయిల దిగినట్టు బల్ల కిందికి దూరాలె. మా పొల్ల, దిగేటోళ్లకు దీపం, బిళ్ల ఇచ్చే ల్యాంపురూం కాడ కూసున్నట్టు కూసోని లెక్కవెట్టాలె. దిగిన బిళ్లలన్నీ మళ్ల గోడ మేకులకు ఎక్కినంకనే ఆట అయిపోవుడు. ఒక్కటి తక్కువున్నా ఎవ్వలు ఇంటికి పోవద్దు. బాయి మీద రివాజే అది, మా ఇండ్లల్ల పిల్లలకు ఒకలు చెప్పే పనే లేదు.

నా కొడుకు సదానందం బాయిల కాంట్రాక్టు పని చేస్తడు. బిడ్డను జ్యోతినగర్ దిక్కు ఇంగ్లీషు బడిల వెయ్యాలని వాని పానమంత. అండ్ల ఫీజు లేని సీటు ఒక్కటున్నదని తెలిసి ముగ్గురం పోయినం.

ఆడ మేడం టేబుల్ మీద గోళీలు పోసి, నాలుగు తీసి పిడికిట్ల దాసింది. ఇంక ఎన్నున్నయని అడిగింది. హర్షిణి ఆ పిడికిలి దిక్కే చూసుకుంట కూసున్నది. మళ్ల అడిగితే నోరు తెరిసింది.

"ఆగుండ్రి మేడం, నాలుగు ఇంక పైకి రాలే."

మేడం పకపక నవ్వింది. తీసివేతలు రావు, వారానికి మళ్ల తీస్కరాండ్రి, అదే ఆఖరు అన్నది. లెక్క రాని పొల్ల నాలుగని ఎట్లన్నదని లొల్లి వెడుదామంటే కొడుకు చెయ్యివట్టి బయటికి గుంజిండు.

సంగతి చెప్తే ఎవాంజెలిన్ మొఖం చిన్నవోయింది, పాపం. తెల్లారి ఆట మార్చింది. ఇప్పుడు మామిడికాయల దుకాణం. అమ్ముడువోయిన కాయను మర్సిపోవాలె, బుట్టల ఉన్నయే చెప్పాలె. పొల్ల పోయిన కాయల కోసం వాకిట్ల నిలవడి ఏడ్సింది. నేనే గదమాయించిన, పోయినయి పోయినయే, ఉన్నయి చెప్పుమని. వారం తిరిగేసరికి గడగడ చెప్పవట్టింది. సీటు వచ్చింది.

ఆ దినం కోడలు రాజకుమారి కోడికూర వండింది. పొద్దటి షిఫ్టు దిగి నా కొడుకు వచ్చినంక అందరం కూడి తినాలనుకున్నం. పొద్దుగూకింది, వాని జాడ లేదు. ఫోన్ కలుస్తలేదు. బాయిల ఏదో అయ్యిందట, మనుషులు ఇంక లోపల్నే ఉన్నరట అని పక్కింటోళ్లు చెప్పిన్రు. కోడలు గడపల కూలవడ్డది.

హర్షిణి లోపల కంచాలు వేస్తున్నది. చూస్తే మూడే ఉన్నయి. బాపుకేదే అని అడిగిన.

"నలుగుర్ల ఒకలు పోతే మూడే గద, బాపమ్మా."

ఈసారి తప్పు చెప్పలేదని దానికి తెలుసు. శాబాష్ అంటనేమోనని నా మొఖం దిక్కే చూస్తున్నది.